దేవుడి చిత్తం ర్యాంకు కార్డులో ఉండదు

ఇబ్రహీంపట్నం

ప్రియమైన బిడ్డకు, అమ్మమ్మ ప్రభువు నామంలో దీవించి రాసేది.

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. నీట్ రెండోసారి కూడా పోయింది కాబట్టి డాక్టర్ కావడం దేవుడి చిత్తం కాదేమో అన్నావు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వచ్చిన వాగ్దాన కార్డు బైబిల్లోనే ఉందని, దాన్ని చూడబుద్ధి కావడం లేదని కూడా అన్నావు.

బిడ్డా, ఎన్ని ప్రశ్నలకు సరైన జవాబు పెట్టావో ర్యాంకు కార్డు చెబుతుంది. నువ్వెందుకు పుట్టావో దానికేం తెలుసు? మన సంఘాల్లో ఒక అలవాటుంది. పని జరిగితే దేవుడు తలుపు తెరిచాడంటాం, జరగకపోతే మూసేశాడంటాం. అంత తేలిగ్గా దేవుడి మనసు చదివేయడాన్ని నేను భక్తి అనుకోను.

నీ కోరిక ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2022 ఆగస్టులో మన ఊళ్ళో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్ళలో నలుగురు చనిపోయారు. పిల్లల తల్లులు. అప్పుడు అన్నం ముందు కూర్చుని, "అంత చిన్న ఆపరేషన్‌కి ఎలా చనిపోతారమ్మమ్మా?" అని అడిగావు. నర్సుగా పనిచేసినదాన్ని కదా, గాయానికి ఇన్ఫెక్షన్ వస్తే ఏమవుతుందో నాకు తెలిసినంత చెప్పాను. కొన్నాళ్ళకు ఊరు ఆ మాట మాట్లాడుకోవడం మానేసింది. నువ్వు మాత్రం అడుగుతూనే ఉన్నావు. పిలుపంటే నాకర్థమైనంతవరకు అదే.

పిలుపున్నా దారి వెంటనే దొరకకపోవచ్చు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అని ఉంది. దాని పేరు వెనకున్న మనిషి డాక్టర్ అన్నా సారా కుగ్లర్. అమెరికాలో 1879లో వైద్య పట్టా తీసుకుంది. ఇక్కడి ఆడవాళ్ళకు వైద్యం చేయడానికి వస్తానని లూథరన్ మిషన్‌ను అడిగితే, వైద్య సేవ మొదలుపెట్టడానికి వాళ్ళు అప్పటికి సిద్ధంగా లేరు. టీచర్‌గా అయితే పంపుతామన్నారు. చేతిలో డాక్టర్ పట్టా ఉండి కూడా 1883లో గుంటూరుకు టీచర్‌గానే వచ్చింది. తెలుగు నేర్చుకుంది, గోషాలో ఉండే ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చదువు చెప్పింది. మగ డాక్టరుకు నాడి కూడా చూపించని ఇళ్ళవి. జబ్బుపడ్డవాళ్ళు సాయం అడిగితే కాదనలేదు. 1885లో మిషన్ ఆమెను వైద్యురాలిగా గుర్తించింది. సొంత ఆసుపత్రి భవనం తలుపులు తెరుచుకునేసరికి 1898 అయింది. 1930లో చనిపోయేదాకా గుంటూరునే నమ్ముకుంది. పాఠాలు చెప్పిన ఆ కాలం వృథా అని నేననుకోను. ఇళ్ళల్లోకి అడుగుపెట్టే చనువు, రోగి చెప్పేది అర్థం చేసుకునే భాష ఆమెకు అప్పుడే వచ్చాయి.

ఇక ప్రార్థన సంగతి. నెహెమ్యా గ్రంథం మళ్ళీ చదువు. యెరూషలేము గోడ కూలిందని విని అతను ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. ఆ తర్వాత రాజు ముందు నిలబడి దారిలో చూపించడానికి ఉత్తరాలు అడిగాడు, కట్టడానికి కలప అడిగాడు. ఊరు చేరాక రాత్రిపూట తిరిగి గోడ ఎక్కడెక్కడ పడిపోయిందో కళ్ళారా చూసుకున్నాడు. గోడ 52 రోజుల్లో లేచింది. నువ్వు ప్రార్థన బాగానే చేశావు. గోడ ఎక్కడ కూలిందో ఇంకా చూసుకోలేదు. నీకు బయాలజీ ఎప్పుడూ భయం లేదు. ఫిజిక్స్ పేరెత్తితేనే మాట మారుస్తావు!

బీటెక్‌లో చేరమన్న మీ మేనత్త మీద కోపం పెట్టుకోకు. సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలు, ఆదిబట్లలో ఉద్యోగాలు రోజూ కళ్ళబడుతుంటే ఎవరైనా ఆ దారే చూపిస్తారు. కానీ నీ మనసు ఆడవాళ్ళ వార్డులో ఉంది. మూడోసారి రాస్తే రాయి. బీఎస్సీ నర్సింగ్‌కి కూడా దరఖాస్తు పెట్టు. నర్సింగ్ ఓడిపోయినవాళ్ళ చదువనే మాట మాత్రం నా దగ్గర అనకు. అర్ధరాత్రి బాలింత పక్కన మేలుకుని ఉండేది, జ్వరం పెరుగుతోందని ముందుగా పసిగట్టేది ఎక్కువగా నర్సే.

శనివారం హాస్టల్ నుంచి వచ్చేయ్. రెండేళ్ళ మార్కుల కాగితాలూ తీసుకురా, ఏ పాఠంలో ఎన్ని పోయాయో ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆదివారం ఆరాధన అయ్యాక మీ నాన్నతో ఫీజుల సంగతి నేనే మాట్లాడతాను.

నీ అమ్మమ్మ