తప్పకుండా రండి

"వీలు చూసుకుని మా ఇంటికి తప్పకుండా రండి." ఈ మాట మీరు ఇప్పటికి ఎన్నిసార్లు అని ఉంటారు? నేనయితే లెక్కపెట్టలేను. రైలు దిగుతూ అన్నాను, ఆసుపత్రి వరండాలో అన్నాను, పెళ్ళిపందిట్లో పక్క కుర్చీ ఆవిడతో అన్నాను. అవతలివాళ్ళు కూడా "అయ్యో, మీరే ముందు రావాలి" అన్నారు. వాళ్ళు రాలేదు, నేను వెళ్ళలేదు. ఇద్దరమూ మర్యాదస్థులం కనుక ఎవరమూ నొచ్చుకోలేదు.

2025 సంక్రాంతికి మా పెద్దమ్మ కూతురు డాలస్ నుంచి ఉప్పునుంతల వచ్చింది. నేనూ హైదరాబాదు నుంచి వెళ్ళాను. మా అక్కకి ఓడ ప్రయాణాల పిచ్చి. వాళ్ళ రాష్ట్రంలోనే గాల్వెస్టన్ అనే రేవుందిట. అక్కడ ఓడెక్కితే వారం రోజులు సముద్రం మీద తిప్పి మళ్ళీ అక్కడే దింపుతారు. మూడు నాలుగు వేలమంది ఎక్కే ఓడలు. అంటే మా ఉప్పునుంతల లాంటి ఊరు ఊరంతా నీళ్ళ మీద తేలుతున్నట్టన్నమాట!

ఇందులో అక్క చేసే పని ఒకటుంది. అదే తేదీకి టిక్కెట్టు కొన్నవాళ్ళని నెలల ముందే వెతికి పట్టుకుంటుంది. ఫోనులో అందర్నీ ఒక గుంపు చేస్తుంది. ఓడ ఏ రేవూ చేరకుండా నడిసముద్రంలో ఉండే మొదటి రోజు పొద్దున్న ఫలానా హాల్లో అందరూ కలవాలి. కాఫీలు, పరిచయాలు, చిన్న చిన్న కానుకలు ఇచ్చిపుచ్చుకోవటాలు. ఆ తర్వాత ఒకళ్ళ గది ఒకళ్ళు చూసి రావటం. రేవులో దిగినప్పుడు నలుగురూ కలిసి ఒక బండి మాట్లాడుకుంటే డబ్బూ కలిసొస్తుంది. ఇలా చేసేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారట. మనవైపు కూడా 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరికీ, చెన్నైకీ ఓ విహారనౌక తిరిగింది కదా, అందులోనూ ఎవరో ఒకరు ఈ పెద్దరికం చేసే ఉంటారు.

"ఏడు రోజుల భాగ్యానికి ఇంత హంగామా ఎందుకే?" అన్నాను.

అక్క వెంటనే జవాబు చెప్పలేదు. గారెలకి పప్పు రుబ్బటం అయ్యాక చెప్పింది. పిల్లలిద్దరూ చదువులకి వెళ్ళిపోయిన ఏడాది బావగారితో మొదటిసారి ఓడెక్కిందిట. ఆయనకి పుస్తకం ఉంటే చాలు. "ఏడు రోజులు, మూడువేలమంది. ఒక్కరంటే ఒక్కరు నన్ను నీ పేరేమిటని అడగలేదే" అంది. అంతే. మళ్ళీ గారెల సంగతిలో పడిపోయింది.

ఆ మాట విన్నాక నేనే అన్నాను, మన సోమశిలకి పోదాం పదమని. సోమశిల నుంచి శ్రీశైలానికి కృష్ణ మీద లాంచీ 2024 నవంబరులో మళ్ళీ మొదలయింది. నాగర్‌కర్నూలు, కొల్లాపురం దాటి వెళితే రేవు. అచ్చంపేట నుంచి మన్ననూరు మీదుగా ఘాట్‌రోడ్డున శ్రీశైలం పోవటమే మావాళ్ళకి అలవాటు. నీళ్ళ మీద పోవటమనేసరికి అమ్మ "మునిగితే?" అని ఒక్క మాటడిగి, సజ్జరొట్టెలు, పల్లీలపొడి, సకినాలు కట్టిచ్చింది. తను మాత్రం రానంది.

లాంచీలో అరవై డెబ్భైమందిమి ఉంటాం. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, రిటైరయిన మేష్టర్లు, పిల్లల కోడిలాంటి తల్లులు. లాంచీ కదిలి పావుగంటయినా కాలేదు, మా అక్క లేచి నిలబడింది. మైకు దొరికింది ఆవిడకి. "అందరం ఆరేడు గంటలు ఒక్కచోట ఉండబోతున్నాం. పరిచయాలు చేసుకుందాం" అంది. నేను సిగ్గుతో నీళ్ళకేసి చూస్తూ కూచున్నాను.

అయితే ఆవిడ పెట్టిన నియమం ఒకటి నాకు నచ్చింది. పేరు, ఊరు, ఇష్టమైన వంట, ఈ మూడే చెప్పాలి. ఇంకేం అడగకూడదు. మన దేశంలో పరిచయం అంటే మూడో ప్రశ్న ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. "మీరేమోళ్ళు?" అంటారు. నాలుగోది "మీ ఆయన ఏం చేస్తడు?" ఈ రెండూ లేకపోయేసరికి జనం ముందు తికమకపడ్డారు, తర్వాత హాయిగా నవ్వారు. ఒక మేష్టారు తనకి ఉప్మా ఇష్టమని చెప్పారు. ఉప్మాని బహిరంగంగా ప్రేమించిన మనిషిని నేను చూడటం అదే మొదలు. సంచులు విప్పారు, డబ్బాలు చేతులు మారాయి. ఎవరి రొట్టె ఎవరు తిన్నారో ఎవరికీ తెలియదు.

లాంచీ వెనకవైపు ఒకావిడ కూచుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఆకుపచ్చ నేత చీర, ఒళ్ళో చేతిసంచి. మొదట్నుంచీ కుడివైపు గట్టుకేసే చూస్తోంది. వంతు వచ్చిందని ఎవరో చెబితే "నాకెందుకులే" అన్నట్టు చెయ్యి ఊపింది. అక్క ఊరుకుంటుందా! "మీరు చెప్పకపోతే ఎట్లా అమ్మా" అని మైకు పట్టుకుని దగ్గరికే వెళ్ళింది.

ఆవిడ పేరు చెప్పింది. "ఊరు?" అంది అక్క.

"అగో, ఆ గట్టుకు ఈ పక్క" అని నీళ్ళకేసి చూపించింది. "కిందికుంది."

అక్కకి అర్థం కాలేదు. నాకయింది. నేను పాలమూరు పిల్లనే కదా. శ్రీశైలం ఆనకట్ట కట్టాక ఇటు పాలమూరులోనూ అటు కర్నూలులోనూ కలిపి దాదాపు వంద ఊళ్ళు నీళ్ళపాలయ్యాయి. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. సోమశిల దేవుళ్ళకే పైకి తెచ్చి వేరే గుడి కట్టాల్సి వచ్చింది. సంగమేశ్వరుడయితే ఏటా నీళ్ళు తగ్గినప్పుడు బయటికొచ్చి, వానాకాలానికి మళ్ళీ మునుగుతాడు. ఈ సంగతులు చిన్నప్పట్నుంచీ విన్నవే. విన్నవి కనుకే లాంచీ ఎక్కేటప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు తొమ్మిదేండ్లు" అందావిడ, ఎవరూ అడక్కుండానే. "దర్వాజలు, దూలాలు పీక్కొని బండ్ల మీదేస్కొని పోయినం. ఇప్పుడు వనపర్తిల కొడుకు దగ్గరుంట." కాసేపాగి, నియమం గుర్తొచ్చినట్టుంది, "ఇష్టమైన వంటంటె, మా ఇంటెన్క చింతచెట్టుండె. దాని చిగురు పప్పు" అంది.

లాంచీ మోత తప్ప ఇంకేమీ వినపడలేదు. ఒక పిల్లవాడు "నీళ్ళ కింద ఇండ్లుంటయా మమ్మీ?" అని అడిగాడు. వాళ్ళమ్మ వాడి నోరు మూసింది.

ఆ తర్వాత అందరం బరువెక్కిన గుండెలతో శ్రీశైలం చేరామని రాస్తే కథకి బాగుంటుంది. నవలలు రాసి రాసి నాకూ అలాగే రాయాలనిపిస్తుంది. కానీ అలా జరగలేదు. పదినిమిషాలకి తంబోలా మొదలయింది. ఆవిడా ఆడింది. పై వరస గెలిచింది కూడా! అక్క డాలస్ చాక్లెట్ల డబ్బా ఇస్తే, విప్పి పిల్లలందరికీ పంచింది.

మధ్యలో అక్కమహాదేవి గుహలు వచ్చాయి. పన్నెండో శతాబ్దంలో ఆ మహాతల్లి రాచరికాన్నీ, జనాన్నీ వదులుకుని ఏకాంతం కోసం ఈ అడవికి వచ్చింది. ఆమె దగ్గరికి మైకు తీసుకుని ఎవరైనా వెళ్ళి ఉంటే ఏమనేదో! నవ్వొచ్చింది గానీ, మనసులో ముల్లు మాత్రం గుచ్చుకునే ఉంది.

రాత్రి శ్రీశైలం సత్రంలో అక్కతో పోట్లాడాను. "ఆవిడ తన ఊరిని చూసుకోవటానికి వచ్చింది. మౌనంగా చూసుకునేది. మనం వెళ్ళి నలుగురిలో నిలబెట్టి కడుపులోది కక్కించాం. తోటి ప్రయాణికులమయితే మాత్రం మనకేం హక్కుంది?"

"హక్కు సంగతి నాకు తెలియదు" అంది అక్క. "పిలవకపోతే ఏడు గంటలూ ఒక్కతే కూచునేది. ఒక్కతే కూచోవాలనే వచ్చిందని నీకెవరు చెప్పారు? నువ్వడిగావా?"

నేను అడగలేదు. అడక్కుండా ఉండటాన్ని నేను సంస్కారం అనుకుంటాను. అక్క దాన్ని బద్ధకం అంటుంది. ఈ వయసులో ఆలోచిస్తే ఎవరిది రైటో తేల్చలేకపోతున్నాను. పేరడగని మూడువేలమంది కూడా సంస్కారవంతులే కదా!

కలిసి ప్రయాణం చేయటం మనకేం కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, సుమారు వందమంది పరివారంతో ఈ కృష్ణనే దాటి, వనపర్తి మీదుగా హైదరాబాదు, అక్కణ్ణుంచి కాశీ వెళ్ళి వచ్చారు. కానీ వాళ్ళు ఇంటిదగ్గర కలిసి దారిలో పడ్డవాళ్ళు. దారిలో కలిసినవాళ్ళ సంగతి వేరు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దర్బన్ రేవు చేరింది. చెరుకుతోటల్లో కూలికని తీసుకెళ్ళిన మూడువందల పైచిలుకు మంది అందులో ఉన్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మారిషస్‌కి అంతకుముందే వెళ్ళారు, ఫిజీకి తర్వాత వెళ్ళారు. అలాంటి ఓడల్లో ఒక్కచోట వండిందే అన్ని కులాలవాళ్ళూ తినాల్సి వచ్చింది. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఒకరికొకరు 'జహాజీ భాయి' అయ్యారు. జహాజు అంటే ఓడ అని మా తెలంగాణావాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. ఫిజీలో ఆ వరస ఎంత గట్టిదంటే, జహాజీల పిల్లలకి పిల్లల్నిచ్చి పెళ్ళి చేయటానికి వెనకాడేవారు. అన్నదమ్ముల పిల్లలు కదా మరి!

వాళ్ళని కలపటానికి మైకు పట్టుకుని ఏ అక్కా రాలేదు. వెనక్కి పోయే దారి లేకపోవటమే వాళ్ళని కలిపింది. మాకేమో సాయంత్రానికి పాతాళగంగ వచ్చేస్తుంది, దిగిపోతాం. దిగిపోతామని ముందే తెలిసినవాళ్ళ స్నేహంలో నిజం ఎంత? నేను చాలాకాలం అనుకున్నదేమిటంటే, అదంతా కాలక్షేపం, ఆరుగంటల నాటకం అని. ఇప్పుడలా అనలేను. ఆ చింతచిగురు నాటకం కాదు. ఆ పంచిన చాక్లెట్లు నాటకం కాదు. నాటకం ఎక్కడుందో నాకు తర్వాత తెలిసింది. ఇప్పుడు చెప్పబోయేది నా తప్పే.

పాతాళగంగలో దిగేటప్పుడు నేనే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అక్క కాదు, నేను. మనసులో ముల్లుంది కదా, దాన్ని తీసేసుకోవాలి. చేతులు పట్టుకుని "మాది ఉప్పునుంతల. ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. తప్పకుండా రండి" అన్నాను. కాగితం మీద ఫోను నెంబరు రాసిచ్చాను. ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. నాకు వెంటనే తేలికయిపోయింది.

ఫిబ్రవరిలో రెండుసార్లు తెలియని నెంబరు నుంచి ఫోను మోగింది. సీరియల్ భాగం పంపాల్సిన వారం, తీయలేదు. ఏప్రిల్ చివర్లో మళ్ళీ మోగితే తీశాను.

"చెల్లె, నేను లాంచీల కలిసిన. అచ్చంపేట బస్టాండుల ఉన్న. మీ ఊరి బస్సు యాడ ఆగుతది?"

"ఏ లాంచీ?" అన్నాను.

ఆ రెండు మాటలూ నా నోట్లోంచే వచ్చాయి. ఎన్ని నవలలు రాస్తే మాత్రం ఏం, వాటిని కొట్టేసి మళ్ళీ రాయటానికి లేదు. అటువైపు నిశ్శబ్దం. మరుక్షణం గుర్తొచ్చి గాబరాగా ఏదేదో మాట్లాడాను. నేను హైదరాబాదులో ఉన్నాననీ, ఇంట్లో అమ్మ ఉందనీ, అమ్మకి ఫోను చేస్తాననీ. "పనిల ఉన్నట్టున్నవు చెల్లె, మళ్ళొస్తలే" అంది.

అమ్మకి చెబితే అమ్మ నన్ను తిట్టటానికి కూడా ఆగలేదు. ఆవిడ నెంబరు అడిగి పెట్టేసింది. తర్వాత ఏం జరిగిందో నాకు రాత్రి తెలిసింది. మా పక్కింటి అబ్బాయిని బండిమీద అచ్చంపేట బస్టాండుకి పంపి, ఆవిడని ఇంటికి పిలిపించుకుంది. ఆవిడ సంచిలో కిలోకి పైగా చింతచిగురు! మునిగిన చెట్టుది కాదులెండి, వనపర్తిలో ఎవరి పెరట్లోదో. ఇద్దరూ కూచుని ఈనెలు తీసి పప్పు వండుకున్నారట. పొద్దుగూకిందని అమ్మ పోనివ్వలేదట. మర్నాడు బొట్టుపెట్టి, రవికెగుడ్డ చేతిలో పెట్టి బస్సెక్కించింది.

"పిలిచినోళ్ళు ఇంట్ల ఉండొద్దా బిడ్డా?" అంది అమ్మ ఫోనులో. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. లాంచీ ఎక్కని మనిషి, ఎవర్నీ ఎక్కడికీ ఊరికే పిలవని మనిషి. నేను "ఆవిడ ఊరి పేరేమిటమ్మా? లాంచీలో చెప్పింది, మరిచిపోయాను" అన్నాను. నిజానికి ఆవిడ ఆ రోజు లాంచీలో ఊరి పేరు చెప్పనే లేదు, నీళ్ళని చూపించింది. అడిగి తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు. అమ్మకి మాత్రం ఊరి పేరే కాదు, ఆ చింతచెట్టు ఏ దిక్కున ఉండేదో కూడా తెలుసు.

మొన్న అమ్మ మళ్ళీ ఫోను చేసింది. నీళ్ళు బాగా తగ్గాయట, ఆ ఊరి మొండిగోడలు తేలాయట. ఆవిడ చూపిస్తాను రమ్మని కబురు పెట్టింది. వచ్చే ఆదివారం జీపు మాట్లాడుకున్నారు. "నువ్వొస్తవా? రాకుంటె చెప్పు, పక్కింటోళ్ళ కోడలు అడుగుతున్నది" అంది.

"తప్పకుండా వస్తానమ్మా" అన్నాను.

"ఆ మాటొద్దు. ఏ బస్సుకొస్తవో చెప్పు" అంది అమ్మ.