‘మనవాడు’ అయితే చాలా?

ఒక పాలకుణ్ణి దేనితో కొలవాలి? అతను ఎవరి బంధువు, ఎవరి మిత్రుడు, మన ఇఫ్తార్ విందుకు వచ్చాడా లేదా అన్న దానితోనా? లేక తన చేతికి అప్పగించిన నేలను, నీటిని, గాలిని ఏం చేశాడన్న దానితోనా?

నాంపల్లిలో ఈ ప్రశ్న ఊరికే పుట్టదు. గాంధీభవన్ అక్కడే ఉంది. బి.జె.పి. రాష్ట్ర కార్యాలయం అక్కడే ఉంది. హజ్‌హౌస్ కూడా అక్కడే. శాసనసభ నడిచి వెళ్ళేంత దూరం. అటు ఆబిడ్స్ దగ్గర ఎల్.బి. స్టేడియంలో ప్రభుత్వాలు రంజాన్ మాసంలో ఇఫ్తార్ విందులు ఇస్తూ వచ్చాయి. ఎన్నికల వేళ ఈ వీధుల్లో ఎక్కువగా వినిపించే మాట “ఆయన మనవాడు” అన్నదే. “ఆయన హయాంలో చెరువు ఏమైంది?” అని అడిగేవారు అరుదు.

అడగవలసిన అవసరం ఇప్పుడు పెరిగింది. గాలి వేడి ఒక డిగ్రీ పెరిగితే అది దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందువల్ల వాన కురిసినప్పుడు ఒక్కసారిగా కుండపోతగా కురుస్తుంది. ఆ నీరు నిలవడానికి చెరువు, ఇంకడానికి నేల లేకపోతే అది బస్తీల్లోకే వస్తుంది. కాబట్టి వాతావరణ మార్పు విషయంలో మన నాయకుల పనితీరు పెద్ద పెద్ద సభల్లోని ఉపన్యాసాల్లో కనబడదు. మన చెరువుగట్టు మీద కనబడుతుంది.

ఈ పాఠం హైదరాబాదుకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని బలిగొంది. మళ్ళీ అలాంటి విపత్తు రాకూడదని విశ్వేశ్వరయ్యగారి సలహా తీసుకుని 1920లో ఉస్మాన్‌సాగర్‌ను, 1927లో హిమాయత్‌సాగర్‌ను పూర్తి చేశారు. 1996లో వచ్చిన జి.ఓ. 111 ఈ రెండింటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలపై, భారీ కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో అప్పటి ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ జి.ఓ. 69 ఇచ్చింది. నగరం తాగునీటికి ఈ జలాశయాల మీద ఇప్పుడు ఆధారపడటం లేదన్నది అది చూపిన కారణం. కాని ఇవి తాగునీటి కోసం మాత్రమే కట్టినవి కావు, వరదను ఆపడానికి కట్టినవి. 2025 సెప్టెంబరులో వీటి గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి చేరింది.

ఇక బంధుత్వాల విషయానికి వద్దాం. ఒక నాయకుడి సోదరుడి ఇల్లు చెరువులో ఉంటే అది నాయకుడి పాపమా? కాదు. ఒకరి బరువును మరొకరు మోయరన్నది దివ్యఖుర్ఆన్ బోధన (అల్ అన్ఆమ్: 164). అయితే న్యాయం కోసం మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగానైనా నిలబడాలని కూడా అదే ఖుర్ఆన్ ఆజ్ఞాపించింది (అన్ నిసా: 135). అంటే బంధుత్వం తప్పు కాదు. బంధుత్వం సిఫారసుగా మారిన చోట తప్పు మొదలవుతుంది.

మఖ్జూమ్ తెగకు చెందిన ఒక పెద్దింటి స్త్రీ దొంగతనం చేసింది. ఆమెను వదిలిపెట్టమని హజ్రత్ ఉసామా (రజి) చేత సిఫారసు చేయించారు. దైవప్రవక్త (సల్లం) ఎంతో నొచ్చుకున్నారు. పెద్దలు తప్పు చేస్తే విడిచిపెట్టి, బలహీనులు చేస్తే శిక్షించినందుకే పూర్వపు జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. ఆ స్థానంలో తమ సొంత కుమార్తె ఉన్నా మినహాయింపు ఉండదని స్పష్టం చేశారు.

ఈ కొలతతో చూద్దాం. 2024 ఆగస్టులో దుర్గంచెరువు పరిధిలోని ఇళ్ళకు అధికారులు నోటీసులిచ్చారు. వాటిలో ముఖ్యమంత్రి సోదరుడి ఇల్లు కూడా ఉంది. ఇది మెచ్చుకోదగ్గదే. కాని నోటీసు మొదటి అడుగు మాత్రమే. అదే సంవత్సరం చాదర్‌ఘాట్ వైపు మూసీ ఒడ్డున పేదల ఇళ్ళు కూలాయి. వారిని డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. పేదవాడి విషయంలో కనబడిన తొందర, పెద్దవాడి విషయంలో చివరి అడుగు దాకా కనబడిందా అన్నదే అడగవలసిన ప్రశ్న.

ఒక మంచి పని మరో తప్పును కప్పిపుచ్చదు. చెరువుల రక్షణ గురించి మాట్లాడిన ఆ ప్రభుత్వమే 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిని చదును చేయించడానికి పూనుకుంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. మంచిని మంచి అనాలి, చెడును చెడు అనాలి. ఒక పార్టీ మీద ద్వేషం గాని, ప్రేమ గాని మనల్ని న్యాయం నుండి తప్పించకూడదు.

స్నేహాల విషయంలోనూ ఒక గీటురాయి ఉంది. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక ఉద్యోగి తిరిగి వచ్చి, “ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు” అన్నాడు. అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (సల్లం) నిలదీశారు. పదవి వచ్చాక చేరిన భూవ్యాపారి స్నేహానికి కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

సోదరులారా! ఈ ప్రశ్న నాయకుల దగ్గరే ఆగిపోదు. చౌకగా వస్తుందని చెరువు శిఖం భూమిలో ప్లాటు కొనేది మనం. దాన్ని క్రమబద్ధం చేయించమని ‘మనవాడి’ ఇంటి చుట్టూ తిరిగేదీ మనమే. నీళ్ళు ఇంట్లోకి వచ్చాక మాత్రం ‘దైవ నిర్ణయం’ అంటాం. నేల మీదా, నీటిలోనూ వ్యాపించిన కల్లోలానికి మనుషుల చేతలే కారణమని ఖుర్ఆన్ చెబుతుంటే (అర్ రూమ్: 41), మన చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయని అనుకోవడం ఎలా?

ఓటు ఒక సాక్ష్యం. సాక్షి తనకు తెలిసిన నిజం చెప్పాలి గాని చుట్టరికం చూసుకోకూడదు. ఈసారి ఎవరైనా నాయకుడు మన వీధికి వస్తే, సలాముకు సలాము చెప్పి, మన చెరువు గురించి, మన నాలా గురించి అడుగుదాం. చేసినదేమిటో చెప్పమందాం. జవాబు ఇవ్వలేనివాడు ఎంత దగ్గరివాడైనా, ఆ అమానతుకు అర్హుడు కాడు.

బంధుత్వం కన్నా న్యాయాన్ని మిన్నగా ఎంచే ధైర్యాన్ని అల్లాహ్ మనకు, మన పాలకులకు ప్రసాదించుగాక! ఆమీన్.