అంకె కోసం కంగారుపడకు

చిన్నోడా,

నర్సమ్మ మీ నాన్న వేలికి సూది గుచ్చిన ప్రతిసారీ షుగర్ ఎంతొచ్చిందో కాగితం మీద రాసుకుంటున్నావట, మీ అమ్మ చెప్పింది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు 280, ఇప్పుడు 160, 170. ఇంకా వందకి ఎందుకు దించరని డాక్టరు మీద విసుక్కున్నావట కూడా. కాస్త నెమ్మదించు నాన్నా.

మీ నాన్నకి వచ్చినట్టు మెదడులో రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వస్తే, షుగర్ జబ్బు లేనివాళ్లకీ ఆ దెబ్బకు షుగర్ ఎగబాకొచ్చు. ఒత్తిడికి అడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి, కాలేయంలో దాచుకున్న చక్కెర రక్తంలోకి వచ్చి పడుతుంది. కాబట్టి మొదటిరోజు అంకె ఒక్కటే పట్టుకుని పాత జబ్బని తేల్చేయకండి. హెచ్‌బీఏ1సీ చేయించారేమో అడుగు, గడిచిన రెండు మూడు నెలల సంగతి అందులో తెలుస్తుంది.

షుగర్ ఎక్కువున్నవాళ్లు అంత బాగా కోలుకోరన్నది నిజమే. అలాగని గట్టిగా దించేస్తే మేలేనా? అమెరికాలో షైన్ అనే పరిశోధనలో సరిగ్గా ఇదే చూశారు. 1,151 మందిని తీసుకుని, సగం మందికి ఇన్సులిన్ డ్రిప్ పెట్టి 80 నుంచి 130 మధ్య ఉంచారు. మిగతావాళ్లకి మామూలు ఇంజెక్షన్లతో 180 దాటకుండా చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకి బాగా కోలుకున్నవాళ్లు ఇటూ అటూ నూటికి ఇరవై, ఇరవై ఒక్కరే. పైగా గట్టిగా దించినవాళ్లలోనే కొందరికి 40 కంటే కిందికి పడిపోయింది. అందుకే డాక్టర్లు 140, 180 మధ్య ఉంటే చాలంటారు. మీ డాక్టరు నిర్లక్ష్యం చేయట్లేదురా.

నాకు భయమల్లా లో షుగర్ గురించే. మీ నాన్నకి మాట సరిగా రావట్లేదు కదా, కళ్లు తిరుగుతున్నాయని చెప్పలేడు. నుదురు చెమటపట్టి చల్లగా తగిలినా, ఉన్నట్టుండి మత్తుగా అయినా వెంటనే నర్సమ్మని పిలువు. కంగారులో గ్లూకోజు నీళ్లు నోట్లో పోయొద్దు. మింగడం సరిగ్గా ఉందని వాళ్లు పరీక్ష చేసి చెప్పేదాకా మంచినీళ్లు కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా రావొచ్చు.

షుగర్ తగ్గుతుందంటూ చుట్టాలు కాకరకాయ రసం సీసాలతో దిగుతారు. దండం పెట్టి పక్కన పెట్టు.

నీ ఓపికంతా ఫిజియోథెరపీ మీద పెట్టు. చేతులూ కాళ్లూ తేరుకోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే కనిపిస్తుంది. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకు, భుజం కీలు జారుతుంది. ఆ చేతి కింద దిండు పెట్టు. ఎలా లేపాలో ఫిజియో అబ్బాయి దగ్గర నువ్వూ మీ అమ్మా నేర్చుకోండి.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా. ఆ రాత్రి మీ నాన్న దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు ఇంటికెళ్లి పడుకో.

మీ పెదనాన్న