నటుడి కీర్తి, పాత్ర దుఃఖం: ప్రసిద్ధ నాటకాల పునఃప్రదర్శనలో ప్రేక్షక స్పందన - నైతిక పరిశీలన

కథ ముందే తెలిసిన నాటకాన్ని, ముఖం ముందే తెలిసిన నటుడు ప్రదర్శించినప్పుడు రంగస్థలం మీద రెండు ఆకర్షణలు ఏకకాలంలో పనిచేస్తాయి. ఒకటి కృతిది, రెండవది వ్యక్తిది. తెర లేచి, నటుడు ఒక్క మాటైనా పలకకముందే మోగే చప్పట్లు ఎవరికి చెందుతాయి? పాత్ర ఇంకా పుట్టలేదు, అభినయం మొదలు కాలేదు. ఆ నటుడు అంతకుముందు ఆర్జించిన కీర్తికి ప్రేక్షకులు చెల్లిస్తున్న కప్పమే ఆ చప్పట్లు. అవే చప్పట్లు పుత్రశోకంతో విలపిస్తున్న తండ్రి పాత్ర నడుమ మోగితే ప్రశ్న మరింత జటిలమవుతుంది.

దీనిని అభిరుచికి సంబంధించిన విషయంగా భావించి పక్కన పెట్టడం పరిపాటి. కాని రంగశాలలో ప్రేక్షకుల అవధానం పరిమితమైన సంపద. ఒకరికి అధికంగా ఇచ్చినది మరొకరి వాటా నుంచి తీసినదే. ఒకరికి దక్కవలసినది మరొకరికి చేరే చోట న్యాయాన్యాయ విచారణ అనివార్యం. ఆ విచారణకు ఆధారంగా భరతుడి సిద్ధి వివేచననూ, అభినవగుప్తుడి రసవిఘ్న చర్చనూ, ఒక ఆంగ్ల పునఃప్రదర్శననూ, తెలుగు పద్యనాటక సంప్రదాయాన్నీ ఈ వ్యాసం స్వీకరిస్తుంది.

సిద్ధి, ఘాతం

ప్రేక్షక స్పందనను శాస్త్రవిషయంగా గుర్తించిన తొలి గ్రంథాలలో నాట్యశాస్త్రం ఒకటి. దాని 27వ అధ్యాయం ప్రయోగసిద్ధిని మానుషి, దైవిక అని రెండుగా విభజిస్తుంది. చిరునవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనడం, ‘అహో’ అనడం, ‘కష్టం’ అనడం, బిగ్గరగా ఎలుగెత్తడం వాచికమైన మానుష సిద్ధిలోనివి. ఒళ్లు గగుర్పొడవడం, ఆసనం నుంచి లేవడం, వస్త్రాలూ ఉంగరాలూ నటుడికి అందజేయడం శారీరమైనవి. శబ్దం గాని కలవరం గాని లేకుండా, నిండిన రంగశాల నిశ్చలంగా ఉండటం దైవిక సిద్ధి.

ఈ విభజన నుంచి రెండు అంశాలను గ్రహించవచ్చు. మొదటిది, భరతుడు నిశ్శబ్దానికి ఉన్నత స్థానం ఇచ్చినా శబ్దాన్ని దోషంగా పరిగణించలేదు. రెండవది, వాచిక స్పందనలను వాటికి కారణమైన సందర్భంతో ముడిపెట్టాడు. నవ్వు హాస్యానికి, ‘కష్టం’ అనే పలుకు కరుణకు, ‘అహో’ విస్మయానికి బదులు. ప్రత్యర్థులు చేసే అల్లరిని, రంగం మీదికి మట్టిపెళ్లలు విసరడాన్ని అదే అధ్యాయం ఘాతాలలో చేర్చింది. కనుక చప్పుడు సిద్ధి అవుతుందో ఘాతం అవుతుందో దాని పరిమాణాన్ని బట్టి నిర్ణయించలేము. అది దేనికి బదులుగా వచ్చిందో చూడాలి.

నటుడి ముఖం ఒక విఘ్నమా?

రసాస్వాదానికి ఏడు విఘ్నాలను చెప్పిన అభినవగుప్తుడు, దేశకాలవిశేషాలకు అంటుకుపోయిన బుద్ధిని వాటిలో ఒకటిగా పేర్కొన్నాడు. రంగం మీద ఉన్నవాడు ఫలానా నటుడు, ఇది ఫలానా ఊరు, ఇది ఈ రాత్రి అనే స్పృహ సాధారణీకరణాన్ని అడ్డుకుంటుంది. నటుడి వ్యక్తిరూపాన్ని మరుగుపరిచే కిరీటాది వేషం ఆ విఘ్నాన్ని తొలగించే ఉపాయం. స్వీయ సుఖదుఃఖాలకు వివశుడు కావడం మరొక విఘ్నం.

ప్రసిద్ధ నటుడి విషయంలో ఈ ఉపాయం తలకిందులవుతుంది. కిరీటం అతడిని మరుగుపరచదు, మరింత ప్రకాశింపజేస్తుంది. అభిమాన నటుడిని ప్రత్యక్షంగా చూస్తున్నానన్న ఆనందం ప్రేక్షకుడి సొంత సుఖమే. అందుచేత తారానటుడి నాయకత్వంలో జరిగే ప్రతి ప్రదర్శనా రసభంగహేతువేనని తీర్మానించడం సులభం. కాని వాస్తవ ప్రదర్శనలు ఆ తీర్మానాన్ని సమర్థించవు.

లండన్ ‘హామ్లెట్’

2015 ఆగస్టులో లండన్ బార్బికన్ రంగశాలలో లిండ్సీ టర్నర్ దర్శకత్వంలో షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ ప్రదర్శనలు ప్రారంభమయ్యాయి. నామపాత్రధారి బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ అప్పటికే టెలివిజన్, సినిమాల ద్వారా ప్రపంచఖ్యాతి పొందిన నటుడు. ప్రదర్శనకు సుమారు ఏడాది ముందే టికెట్లు అమ్ముడుపోయాయి. ప్రదర్శనలు మొదలైన కొద్ది రోజులకే, ప్రేక్షకులలో కొందరు సెల్‌ఫోన్లతో చిత్రీకరిస్తున్నారని తెలిసి, కంబర్‌బ్యాచ్ రంగశాల వెలుపల గుమికూడిన అభిమానులతో మాట్లాడాడు. చిత్రీకరణ మానుకోవాలని, తానివ్వదలచిన అనుభవం ఫోన్లలో గాక మనసులలో నిలవాలని కోరాడు. ఈ విన్నపాన్ని ఇతరులకూ చేర్చమన్నాడు.

ఈ ఘటనలోని దోషం శబ్దం కాదు. ఫోన్ పట్టుకున్న ప్రేక్షకుడు నిశ్శబ్దంగానే ఉన్నాడు. అయినా అతడు ఆ క్షణానికి బదులు ఇవ్వడం లేదు. దానిని మరొక చోట, మరొక సమయంలో అనుభవించడానికి భద్రపరుస్తున్నాడు. దైవిక సిద్ధి బాహ్యలక్షణమైన నిశ్శబ్దం అక్కడ ఉన్నా, దాని ఆత్మ లేదు. చీకటి నిండిన ప్రేక్షాగారంలో మౌనంగా కూర్చోవడమే సంస్కారమనే భావన కూడా సార్వకాలికం కాదు. పగటి వెలుగులో, నిలుచున్న జనం నడుమ ఆడిన నాటకాలు షేక్‌స్పియర్‌వి. ప్రేక్షాగారాన్ని చీకటి చేసే ఆచారం 1876లో వాగ్నర్ బైరాయిత్ రంగశాల ప్రారంభమైన కాలం నుంచి స్థిరపడుతూ వచ్చింది. కాబట్టి మౌనాన్నే నీతిగా, కేకను అవినీతిగా లెక్కించడం ఒక కాలపు అలవాటును ధర్మంగా భ్రమించడమే.

పద్యనాటకం, వన్స్‌మోర్

తెలుగు పద్యనాటకం ఈ చర్చకు మరింత కఠినమైన పరీక్ష. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల నుంచి రూపొందిన శ్రీకృష్ణ రాయబారం, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్య హరిశ్చంద్రీయం దశాబ్దాలుగా పునఃప్రదర్శనల మీదనే జీవించాయి. రాయబార ఘట్టంలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఎవరూ రారు. పీసపాటి నరసింహమూర్తి గాని, షణ్ముఖి ఆంజనేయరాజు గాని ఆ పద్యాన్ని ఎలా పలుకుతారో వినడానికి వస్తారు. నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొడతారు, నటుడు మళ్లీ పాడతాడు.

ఈ ఆచారాన్ని రసభంగంగా కొట్టివేయడానికి ముందు కాంట్రాక్టు నాటకాల పద్ధతిని గమనించాలి. ఒకే రాత్రి ఒకే కృష్ణ పాత్రను రంగానికొక నటుడి చొప్పున ఇద్దరు ముగ్గురు ప్రసిద్ధులు ధరించేవారు. పడకసీను కృష్ణుడు వేరు, రాయబారం కృష్ణుడు వేరు. శరీరం మారినా ప్రేక్షకుడికి కృష్ణుడు మారలేదు. నటుడిని నటుడిగా గుర్తిస్తూనే పాత్రను పాత్రగా నిలుపుకోగల ద్వంద్వదృష్టి ఆ ప్రేక్షకుడికి ఉంది. నటుడి గుర్తింపు తప్పనిసరిగా విఘ్నం కాదనడానికి ఇంతకన్నా బలమైన నిదర్శనం అరుదు. తెలిసిన పద్యాన్ని మళ్లీ కోరడాన్ని ఆలంకారికుల పరిభాషలో చర్వణంగా కూడా అర్థం చేసుకోవచ్చు.

ప్రేక్షకాదరణ కొన్ని సందర్భాలలో కృతినే సంపన్నం చేసింది. గుర్రం జాషువా శ్మశానవాటికను గురించి రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోని భాగం కావు. నటులు వాటిని కాటిసీనులో పాడగా ప్రేక్షకులు ఆదరించారు. క్రమంగా అవి లేకుండా కాటిసీను లేదనిపించే స్థితి వచ్చింది. మృత్యువు ముందు అందరూ సమానులేనన్న చింతన, చండాలుడికి అమ్ముడుపోయిన రాజు కథలోకి ఈ మార్గంలో బలంగా ప్రవేశించింది. నాటకకర్త పాఠమే ధర్మపాఠమని, ప్రేక్షకుడి కోరిక దానికి కల్మషమని వాదించేవారు ఈ ఉదాహరణకు సమాధానం చెప్పవలసి ఉంటుంది.

మూడు ఋణాలు

అయితే వన్స్‌మోర్ అన్ని సందర్భాలలోనూ నిర్దోషమని దీని అర్థం కాదు. రాయబారంలో కృష్ణుడు కౌరవసభను హెచ్చరించే పద్యాన్ని రెండవసారి పాడాడనుకుందాం. వినని సభకు హెచ్చరికను మళ్లీ వినిపించడం దూత ధర్మానికి విరుద్ధం కాదు. ఆవృత్తి కథలో ఇమిడిపోతుంది. అదే వన్స్‌మోర్, చంద్రమతి పుత్రశవాన్ని ఒడిలో పెట్టుకున్న ఘట్టంలో పడిందనుకుందాం. ఇప్పుడు హరిశ్చంద్రుడు తన శోకాన్ని మొదటి నుంచి మళ్లీ శ్రుతి చేసుకోవాలి. చంద్రమతి పాత్రధారి చేరుకున్న భావతీవ్రతను వదులుకుని నిరీక్షించాలి. శోకం సంభవించే స్థితి నుంచి ప్రదర్శించే వస్తువుగా దిగజారుతుంది. రాగాలాపన కన్నా భావప్రకటనకు ప్రాధాన్యమిచ్చిన బళ్లారి రాఘవ దృక్పథం ఇలాంటి సందర్భాలలోనే తన బలాన్ని చూపుతుంది.

ఇందులో వ్యక్తమయ్యే మొదటి ఋణం సహనటుల పట్ల ప్రేక్షకుడిది. నాటకం ఒక్కరి కచేరీ కాదు. రెండవ ఋణం తోటి ప్రేక్షకుల పట్లది. చదివింపుల ఆచారం దీనిని స్పష్టం చేస్తుంది. పద్యానికి మెచ్చి కానుక ఇవ్వడం భరతుడు చెప్పిన ఉంగరపు బహూకృతికి వారసత్వమే. కాని రంగం నడుస్తుండగా మైకులో దాత పేరు, కానుక మొత్తం ప్రకటించినప్పుడు సభ అవధానం పాత్ర నుంచి నటుడికీ, నటుడి నుంచి దాతకూ మరలిపోతుంది. పక్కవాడి కంటనీరు తుడుచుకుపోయే ఆ క్షణానికి అతడి అనుమతిని ఎవరూ తీసుకోలేదు.

మూడవ ఋణం నాటకంలో చిత్రితులైన మనుషుల పట్లది. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యామోహపు అనర్థాలను చూపడానికి చింతామణిని రచించాడు. ప్రదర్శనల పరంపరలో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ నవ్వు కోసం చేర్చిన మాటలు, చేష్టలు పెరిగాయి. ఆ పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం తెలిపారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం సమంజసమా కాదా అన్నది వేరే చర్చ. అంతకుముందే జరిగినది ఇక్కడ ముఖ్యం. ప్రతి నవ్వూ నటుడికి మరొక మాట చేర్చే ధైర్యమిచ్చింది. చేర్చిన ప్రతి మాటా మరొక నవ్వును కోరింది. జాషువా పద్యాలను కాటిసీనులో నిలిపినదీ, సుబ్బిశెట్టికి అశ్లీలాన్ని అంటగట్టినదీ ప్రేక్షకాదరణ అనే ఒకే శక్తి. మొదటి సందర్భంలో అది నాటకం అడుగుతున్న ప్రశ్నను లోతు చేసింది. రెండవ సందర్భంలో ఆ ప్రశ్నను మరిపించింది.

ఈ ప్రమాదాన్ని ‘హామ్లెట్’ నాటకమే హెచ్చరించడం విశేషం. మూడవ అంకంలో హామ్లెట్ నటబృందానికి ఉపదేశిస్తూ, హాస్యగాళ్లు రాసిన దానికి మించి పలకకూడదంటాడు. నాటకంలో ఆలోచించవలసిన ముఖ్యవిషయం ఉన్న సమయంలో తాము నవ్వి ప్రేక్షకులను నవ్వించడాన్ని నీచమైన ఆశగా నిందిస్తాడు. అతడి నింద ప్రధానంగా నటుడి మీద పడిందనేది గమనార్హం.

బాధ్యత ఎవరిది?

తారానటుడి కోసం వచ్చిన ప్రేక్షకుడిని తక్కువవాడిగా చూడటం అన్యాయం. వచ్చిన కారణం, నిలిచిన కారణం ఒకటే కానక్కరలేదు. కృష్ణ వేషధారిని చూడవచ్చినవాడు దుర్యోధనుడి పట్టుదలను తలచుకుంటూ ఇంటికి వెళ్లవచ్చు. తెర నటుడి కోసం బార్బికన్‌కు వచ్చినవాడు తండ్రిని కోల్పోయిన యువకుడి సందిగ్ధాన్ని మోసుకుపోవచ్చు. అభిమానం ద్వారం మాత్రమే. ఆ ద్వారం దగ్గరే ఆగిపోవడం లోపం. అక్కడే ఆపివేయడం మరింత పెద్ద లోపం.

అందుచేత నైతిక భారంలో అధికభాగం నటుడి మీదనే ఉంటుంది. సభ అవధానాన్ని తన పేరుతో ముందుగానే పొందినవాడు దానికి యజమాని కాడు, ధర్మకర్త. దానిని పాత్రకు, సహనటులకు, కృతికి అప్పగించవలసినవాడు. లండన్ నటుడి విన్నపం ఈ అప్పగింతకు ఒక రూపం. తనను చూడటానికి వచ్చినవారికి తన కీర్తి ఇచ్చిన అధికారంతోనే, తన బొమ్మను కాక ఆ రాత్రి జరిగే దానిని చూడమని చెప్పాడు. పద్యనాటక నటుడికి ఇంకా సూక్ష్మమైన సాధనం ఉంది. వన్స్‌మోర్‌కు తలవంచి మళ్లీ పాడినప్పుడు అతడు మైకు వైపు, సభ వైపు తిరుగుతాడా, దుర్యోధనుడి వైపు తిరుగుతాడా అన్నదే ఆ సాధనం. చూపు దుర్యోధనుడి మీద నిలిస్తే రెండవ ఆలాపన కూడా రాయబారమే.

ముగింపు

ప్రేక్షక స్పందనను నిశ్శబ్దం, శబ్దం అనే కొలతతో తూచడం సరికాదు. ఆ స్పందన రంగం మీద ఆ క్షణాన జరుగుతున్న దానికి బదులా, సహనటులకు, సహప్రేక్షకులకు, చిత్రితులకు దక్కవలసినది వారికి దక్కనిచ్చిందా అన్నవి సముచిత ప్రమాణాలు. ఈ ప్రమాణాల మేరకు కొన్ని వన్స్‌మోర్‌లు సిద్ధులు, కొన్ని మౌనాలు ఘాతాలు. ప్రసిద్ధ నటుడు ఈ రెండింటి నడుమ గీతను గీయగల స్థానంలో ఉన్నాడు. సభ వన్స్‌మోర్ అని కేకవేసినప్పుడు, లోహితాస్యుడి వేషంలో కళ్లు మూసుకుని పడుకున్న బాలనటుడు కూడా ఆ కేకను వింటున్నాడు. అతడు కదలకూడదు, మరణించి ఉండాలి. హరిశ్చంద్రుడు తిరిగి ఎవరి వైపు చూస్తాడన్నది ఆ బాలుడి మరణానికి ఆ రాత్రి ఎంత విలువ ఉంటుందో నిర్ణయిస్తుంది.