గుర్తుండదని ఎవరు తేల్చారు?

"నాకు జ్ఞాపకశక్తి తక్కువ" అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. "నాకు ఎత్తు తక్కువ" అన్నట్టే అంటాం. కానీ ఎత్తునైతే టేపుతో కొలుస్తారు. జ్ఞాపకశక్తిని ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అంటే జవాబు ఉండదు. ఎప్పుడో ఒకసారి పద్యం ఒప్పజెప్పలేక మధ్యలో ఆగిపోయి ఉంటాం. నలుగురు నవ్వి ఉంటారు. ఆ రోజు నుంచి ఆ మాట మన ఇంటిపేరులా అంటుకుపోతుంది. ఇంట్లోవాళ్లు కూడా "మా పిల్లకు చదువు ఎక్కదు" అనడం మొదలుపెడతారు. పదో తరగతి తర్వాత చదివించాలా, పనిలో పెట్టాలా అన్నది కూడా ఒక్కోసారి ఆ మాట మీదే తేలిపోతుంది. కాబట్టి ఆ మాట నిజమో కాదో విచారించకుండా నమ్మడం అన్యాయం అని నా అభిప్రాయం.

మన మారతహళ్ళినే చూడండి. అనంతపురం, కర్నూలు వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. బడికి పోని మేస్త్రి కూడా పొద్దున విన్న కొలతలను సాయంత్రం కాగితం లేకుండా చెప్తాడు. నాలుగు ఇళ్లలో పనిచేసే ఆమెకు ఏ ఇంట్లో చక్కెర లేని టీ పెట్టాలో, ఎవరు ఎంత జీతం బాకీ ఉన్నారో అంతా నోటికే ఉంటుంది. పైగా ఇంట్లో తెలుగు, అపార్ట్‌మెంట్లో హిందీ, కూరగాయల బండి దగ్గర కన్నడం. ఇవన్నీ ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అయినా అడిగి చూడండి, "మాకేం వస్తుందమ్మా, మేం చదువుకోలేదు కదా" అంటుంది. తన దగ్గర ఉన్న ఆస్తి తనకే తెలియకపోవడం కంటే విచిత్రం ఏముంటుంది?

జ్ఞాపకం అనగానే తెలుగువాళ్లకు అవధానం గుర్తుకు వస్తుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలు ఇచ్చి అవి వచ్చేలా పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరిలో ఒక అక్షరం చెప్పగానే తర్వాత ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడతారు. మధ్యలో గంట కొడుతుంటే ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఏవేవో అడిగి నవ్విస్తుంటాడు. (నాకైతే ఆయనే ఎక్కువ నచ్చుతాడు.) ఒక్కో వరసలో ఒక్కో పాదం మాత్రమే చెప్పి, చివర్లో అన్ని పద్యాలనూ పూర్తిగా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు.

ఇదంతా పుట్టుకతో వచ్చే వరం, మనకెందుకు అనేవాళ్లున్నారు. ప్రతిభ లేకుండా అవధాని కారు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ పద్యాన్ని గమనించండి. ఉత్పలమాలలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాసగా కలవాలి, పదో అక్షరం దగ్గర యతి పడాలి. అంటే మర్చిపోయిన మాట ఎక్కడైనా దాక్కోవడానికి చోటు తక్కువ. వేమన పద్యాలు చదువు రానివాళ్ల నోట్లో కూడా నిలిచింది ఇలాంటి కొక్కేల వల్లనే. తిరుపతి వేంకట కవులు జంటగా అవధానాలు చేశారు. మన బెంగళూరులో ఉండే శతావధాని ఆర్. గణేశ్ గారు ఇదే కళను కన్నడంలో మళ్లీ నిలబెట్టారు. 2012లో ఈ నగరంలోనే వందమంది పృచ్ఛకులతో పూర్తిగా కన్నడంలో శతావధానం చేశారు. ఒక భాషవాళ్ల పుట్టుకలోనే ఉన్న వరమైతే ఇంకో భాషలోకి ఎలా వెళ్తుంది?

మర్చిపోవడం గురించి కూడా ఒక మాట. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, తానే పరీక్షించుకుని 1885లో పుస్తకం రాశాడు. నేర్చుకున్నది మొదట్లో చాలా వేగంగా పోతుందనీ, తర్వాత నెమ్మదిగా పోతుందనీ తేలింది. నాకు నచ్చింది రెండో సంగతి. పూర్తిగా పోయిందనుకున్నదాన్ని మళ్లీ నేర్చుకుంటే మొదటిసారి కంటే తక్కువ సమయం పట్టింది. అంటే అది ఎక్కడో మిగిలే ఉంది. మనం మొదటి రోజు మరుపును చూసే మన మీద తీర్పు ఇచ్చేసుకుంటున్నాం.

అలాగని "నాకంతా వచ్చు" అనే ధైర్యాన్నీ వెంటనే నమ్మకూడదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు విద్యార్థులతో పరీక్ష చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు తమ మీద నమ్మకం ఎక్కువ. వారం తర్వాత చూస్తే రెండోవాళ్లకే ఎక్కువ గుర్తుంది. చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది కదా, అదే మోసం. మన పాత బళ్లలో ఒప్పజెప్పించడాన్ని చాలామంది ఎగతాళి చేస్తారు. అర్థం తెలియకుండా ఒప్పజెప్పడం నాకూ నచ్చదు. కానీ పుస్తకం మూసి చెప్పించే ఆ పద్ధతిలో నిజం ఉంది.

పది అయ్యాక పి.యు.సి.లో మనకు తెలుగు మీడియం ఉండదు. "అంతా ఇంగ్లీషులో ఎలా గుర్తుపెట్టుకుంటాం?" అని మా తరగతిలో చాలామందికి ఇప్పటినుంచే భయం. ఆ భయపడేవాళ్లలో బిహార్ నుంచి వచ్చిన పక్కింటి పిల్లలతో ఆడుతూ హిందీ నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. బస్సుల మీద కన్నడం చదువుతూ చిన్న తమ్ముళ్లకు చెప్పేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు మేం రోజుకు పది సైన్సు మాటలను ఇంగ్లీషులో రాసుకుని, మర్నాడు నోట్‌బుక్ మూసి ఒకరినొకరు అడుగుతున్నాం. మొదటి వారం సగం కూడా వచ్చేవి కావు. ఎన్ని వచ్చాయో వెనక అట్ట మీద తేదీ వేసి రాసుకుంటున్నాం.