ఇటాలియన్ నేర్చుకోదలచిన మనవరాలికి



ఇటాలియన్ ఉచ్చారణ తెలుగు పిల్లలకు తొందరగానే పట్టుబడుతుంది. మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. ద్విత్వం జారితే అర్థమే మారిపోతుంది: నొన్నో అంటే తాత, నోనో అంటే తొమ్మిదోది. ‘వచ్చాను’ అన్నాక ‘నేను’ అని విడిగా చెప్పనక్కర్లేనట్టే అక్కడా క్రియను బట్టే కర్త ఎవరో తెలిసిపోతుంది. చిక్కంతా లింగంతోనే. కుర్చీ ఆడది, పుస్తకం మగది. బడిలో హిందీ చదివినవాళ్లకు ఆ బాధ కొత్తేమీ కాదు.

ఆ భాషను సాంస్కృతిక మార్పిడి ద్వారా నేర్చుకునే పద్ధతిలో పుస్తకం కంటే ఇల్లే పెద్ద బడి. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సులు నడిపిన అమెరికన్ స్వచ్ఛంద సేవకుల సంస్థ ఏఎఫ్‌ఎస్ 1947 నుంచి బడిపిల్లల్ని దేశం మార్చి చదివిస్తోంది. ఇటలీలో ఆ పని చూసేది ఇంటర్‌కల్చురా. వెళ్లిన విద్యార్థి ఒక కుటుంబంతో ఉంటూ ఆ ఊరి బడికే వెళ్తుంది. ఆ కుటుంబం జీతం పుచ్చుకోదు. కాబట్టి అక్కడ ఉన్నన్నాళ్లూ హాస్టల్లో ఉన్నట్టు కాక, పెద్దమ్మ ఇంట్లో ఉన్నట్టు మెలగాలి: భోజనానికి బల్ల సర్దాలి, ఆలస్యమైతే ముందే చెప్పాలి, ఏది తినదో మొదటి రోజే మర్యాదగా చెప్పాలి. అక్కడి ఉన్నత పాఠశాల చదువు పద్నాలుగు నుంచి పంతొమ్మిదేళ్ల దాకా అయిదేళ్లు. మార్కులు పదికి, ఆరొస్తే గట్టెక్కినట్టు. టీచరు పిలిచి పదిమందిలో నోటితో అప్పజెప్పించే అలవాటు ఇంకా ఉంది. తప్పు మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలు అక్కడే వెనకబడతారు.

ఇటలీ నుంచి ఇటు వచ్చినవాళ్లూ ఇలాగే నేర్చుకున్నారు. 1420 ప్రాంతంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికోలో దె కోంతి అంతకు ముందే డమాస్కస్‌లో అరబిక్, దారిలో పారశీకం నేర్చుకున్నాడు.   తిరిగి వెళ్లాక అతను చెప్పినవి పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చోలీని లాటిన్‌లో రాసిపెట్టాడు. తెలుగును ‘తూర్పు ఇటాలియన్’ అన్నది కోంతీయేనని మనవాళ్లు సభల్లో గొప్పగా చెప్పుకుంటారు. పోజ్జో రాసిన కథనంలో ఆ మాట కనబడదు. అతిథిగా వెళ్లిన ఇంట్లో ఆ గొప్ప చెప్పుకోకపోవడమే మంచిది.

నిజంగా చెప్పుకోదగ్గ సంగతి వేరే ఉంది. 1580లలో గోవా, కొచ్చిన్‌లలో ఉన్న ఫ్లోరెన్స్ వర్తకుడు ఫిలిప్పో సాస్సెత్తి సంస్కృతంలోని సప్త, అష్ట, నవ, సర్ప వంటి మాటలకూ తన భాషలోని సెత్తె, ఒత్తొ, నొవె, సెర్పెలకూ పోలిక ఉందని ఇంటికి రాసిన ఉత్తరాల్లో గుర్తించాడు. విలియం జోన్స్ కలకత్తా ఉపన్యాసం ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు! పద్దెనిమిదేళ్ల వయసులో ఈ దేశం వచ్చి ఉంటే బాగుండేదని కూడా సాస్సెత్తి ఒక ఉత్తరంలో వాపోయాడు. అప్పటికి అతనికి నలభై దాటాయి.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లలు తమ భాష కలగాపులగమని చిన్నబుచ్చుకోవడం మన బళ్ళారి సరిహద్దులో మామూలే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకీ, బళ్ళారి మైసూరులోకీ వెళ్లాయి. ఇళ్లలో మాటలు మాత్రం గీతకు ఇటూ అటూ అలాగే ఉండిపోయాయి. ఇటలీ చరిత్ర తెలిస్తే ఈ చిన్నతనం పోతుంది. 1861లో దేశం ఒక్కటైనప్పుడు పుస్తకాల ఇటాలియన్ మాట్లాడేవాళ్లు కొద్దిమందే. తక్కినవాళ్లవి ప్రాంతీయ భాషలు. 1960 నుంచి 1968 దాకా అల్బెర్తో మాంజీ అనే మాస్టారు టెలివిజన్‌లో పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించాడు.

అన్నిటికంటే ముఖ్యంగా బార్బియానా సంగతి బళ్ళారి దగ్గరి మన మోక పిల్లలు తెలుసుకోవాలి. ఫ్లోరెన్స్‌కు ఉత్తరాన ముజెల్లో కొండల్లో అదొక చిన్న పల్లె. 1954 చివర్లో అక్కడికి వచ్చిన పాదిరీ లోరెంజో మిలానీ, బడి నుంచి తరిమేసిన రైతుబిడ్డల్ని చేరదీసి పొద్దున్నుంచి రాత్రిదాకా చదివించాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. భాష రానివాడు బీదవాడుగానే మిగులుతాడని ఆయన పట్టు. ఆ కుర్రాళ్లు పరాయి భాషలు నేర్చి, పనిచేసుకుంటూ గడపడానికి ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ వెళ్లారు. డబ్బున్నవాళ్ల విహారంగా కనబడే మార్పిడిని కూలిపని చేసుకుంటూ సాధించిన పిల్లలు వాళ్లు. బడి తమను ఎలా ఓడించిందో ఎనిమిదిమంది కలిసి ఒక పంతులమ్మకు లేఖగా రాశారు; అది 1967లో పుస్తకమైంది. అదే ఏడాది మిలానీ కన్నుమూశాడు. కోపంతో రాసిన పుస్తకమే. లెక్కలతో సహా రాసిన కోపం కాబట్టి నిలిచింది.

మార్పిడి అంటే ఇచ్చిపుచ్చుకోవడం. అక్కడి తరగతిలో ఊరి గురించి అడిగితే హగరి నది ఒడ్డు, తుంగభద్ర కాలువల కింది పొలాలు, బళ్ళారి రాఘవ నాటకాలు తప్పుల్లేకుండా చెప్పగలగాలి. అందుకు తెలుగూ కన్నడమూ రెండూ చదవడం, రాయడం రావాలి.

2020 జాతీయ విద్యావిధానం పేరుపేరునా చెప్పిన విదేశీ భాషల్లో ఇటాలియన్ లేదు. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ ఉన్నాయి. కాబట్టి మోక బడిలో ఇటాలియన్ మాస్టారు కోసం ఎదురుచూస్తే లాభం లేదు. ఆ భాష చెప్పే చోట్లలో హైదరాబాదులోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఒకటి. అది డిగ్రీ వయసు మాట. అంతదాకా రేడియో, రికార్డింగులు విని పలుకు దిద్దుకోవచ్చు. సియెనా, పెరూజా నగరాల్లోని విదేశీయుల విశ్వవిద్యాలయాలు పెట్టే పరీక్షలకు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. మొదటి మెట్టు ఇంటి దగ్గరే ఎక్కి వెళ్తే అక్కడి తొలి నెలలు సైగలతో గడిచిపోవు.

ఆశీస్సులతో,
తాతయ్య
మోక