దడి దాటిన సొరతీగ



మన పల్లెలలో పెరడు లేని యిల్లు అరుదు. నూతి దగ్గర అరటి, దడి వెంట బంతి, కనకాంబరము, గుమ్మము ప్రక్క కరివేపాకు, నీళ్లు పారు చోట గోంగూర, పందిరి మీద బీర, పాక మీద సొర, గుమ్మడి. స్థలము రెండు సెంట్లే అయినను అందులో ఏదో ఒకటి నాటని గృహిణి లేదు. అట్టి పెరడును గూర్చి ఈ నెల ఒక ప్రశ్న మీ ముందు ఉంచుచున్నాము. మన పెరటిలో పెట్టిన పాదు దడి దాటి, పొరుగువారి పాక మీద కాసిన యెడల, ఆ కాయ ఎవరిది?

ఇది ఊరి పెద్దలు తీర్చవలసిన తగవు గదా, సంఘ పత్రికలో దీనికి చోటెందుకని మీరడుగవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే తలంచియుందుము. కాని ఒక సొరకాయ విషయములో మేము చేసిన తప్పు మమ్మును వాక్యము నొద్దకు త్రిప్పినది. దానిని దాచక వ్రాయుచున్నాము.

నిరుడు ఆగస్టు నెలలో, స్నానపు నీళ్లు పారు చోట చిన్న గొయ్యి త్రవ్వి, మాగిన పేడ వేసి, నాలుగు సొరగింజలు నాటితిమి. రెండు మొలకలు నిలిచినవి. పందిరి వేయుటకు మాకు తీరిక లేకపోయినది. తీగ తన దారి తాను చూచుకొని, దడి ప్రాకి, ప్రక్కయింటి మామ్మ గేదె పాక యెక్కినది. మా వైపు ఆకులే మిగిలినవి. కాయలన్నియు ఆ తాటాకు కప్పు మీదనే. వాటిలో ఒకటి నున్నగా, మూర పొడవున ఎదుగుచుండుట చూచి, దీనిని నవంబరులో జరుగు కోత పండుగకు దేవుని మందిరమునకు తీసికొనిపోవుదమని ఇంటిల్లిపాదియు అనుకొంటిమి. నిజము చెప్పవలెనన్న, అయ్యగారి పెరటి కాయ వేలములో ఎంత పలుకునో చూడవలెనను ఆశ కూడ లోలోపల కలదు.

ఒక ఉదయమున చూడగా కాయ లేదు. పాక ప్రక్కనున్న పెంటకుప్ప మీద సొరకాయ చెక్కు కనబడినది. మామ్మ మన సంఘస్థురాలు కాదు. భర్త గతించినాడు, కుమారుడు కూలికై పట్టణమునకు పోయినాడు, ఒక్క గేదె పాలమ్ముకొని బ్రదుకుచున్నది. మేము దడి దగ్గర నిలిచి, గొంతు పెంచక, బోధకుని నెమ్మదితోనే, "మామ్మా, ఆ కాయ దేవుడికని ఉంచుకున్నాం" అంటిమి. ఆమె ముఖము వెలవెలబోయినది. "అయ్యో, నాకు తెలీదయ్యగారూ" అని లోనికి పోయినది.

మరునాడు తెల్లవారకమునుపే ఆమె మా గుమ్మము ముందు నిలిచియున్నది. కొంగు ముడి విప్పి కొన్ని సొరగింజలు మా చేతిలో పోసినది. "కూరకేమీ లేక కోసుకున్నానయ్యా. దేవుడి సొమ్ము తిన్నానని రాత్రంతా కన్ను మూతపడలేదు. ఇవి మొన్న అమ్మగారికిచ్చిన గింజల్లో మిగిలినవే. మళ్లీ నాటుకోండి. తెలియక చేసిందని మీ దేవుడితో ఒక మాట చెప్పండి" అన్నది.

అప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది. మేము నాటిన గింజలు ఆమెవే. ముదిరిన కాయను పొయ్యి మీది పొగలో ఎండగట్టి, గుల్లలోనే దాచి, మేము అడుగకుండగనే వాన పడిన వారములో దడి మీదుగా అందించినది ఆమెయే. మూడు నెలలలో దానిని మరచితిమి. మరచినది చాలక, ఆ కాయ మాదని అనుట చాలక, దేవునిదని కూడ అంటిమి.

ప్రియులారా, ఈ విషయములో ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నదో చూడుడి. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము 24, 25 వచనములలో ఒక చక్కని కట్టడ కలదు. పొరుగువాని ద్రాక్షతోటలోనికి పోయినవాడు కడుపు నిండువరకు తినవచ్చును, పాత్ర నింపుకొని పోరాదు. పైరులో చేతితో వెన్నులు త్రుంపవచ్చును, కొడవలి వేయరాదు. ప్రభువు శిష్యులు పంటచేల గుండ పోవుచు వెన్నులు త్రుంచి తినినప్పుడు పరిసయ్యులు విశ్రాంతిదినమును గూర్చి తప్పు పట్టిరి గాని, దొంగతనమని ఎవరును అనలేదు. అది ఆకలిగొన్నవానికి దేవుడిచ్చిన హక్కు.

అట్లయిన ఎవరి పెరటిలో ఎవరైనను చేయి పెట్టవచ్చునా, నీళ్లు మోసిన చెమటకు విలువ లేదా అని ఒక సహోదరుడు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పాత్ర నింపుకొనరాదను హద్దు అందుకొరకే ఉన్నది. నాబోతు కథ కూడ జ్ఞాపకము చేసికొనుడి. అహాబు రాజు తన నగరును ఆనుకొనియున్న నాబోతు ద్రాక్షతోటను కూరతోట చేసికొనుటకు కోరెను. నాబోతు ఇయ్యనన్నాడు. అతడు చంపబడినప్పుడు దేవుడు ఏలీయాను పంపి రాజును గద్దించెను. పేదవాని స్థలమును లాగుకొనుట దేవుని యెదుట ఎంత ఘోరమో ఇందువలన తెలియుచున్నది. అయితే ఒక సంగతి గమనించుడి. నాబోతు ఇది నా కష్టార్జితమని చెప్పలేదు; నా పితరుల స్వాస్థ్యమని చెప్పెను. తాను పొందినదానిని కాపాడుచున్నానని అతడెరుగును. తనకు ఎవరు ఇచ్చిరో మరువనివాడు గనుక అతని హక్కు మాటలో అహంకారము లేదు. మేము దడి దగ్గర నిలిచి పలికిన మాటలో ఆ జ్ఞాపకము లేదు.

మన పెరటిలో మనము పొందనిది ఏది? సొరపాదునే తీసికొందము. దానికి మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. మగపువ్వు ఉత్త కాడ మీద పూయును. ఆడపువ్వు క్రింద చిన్న పిందె కట్టియుండును. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వునకు చేరని యెడల పిందె పసుపుబారి రాలిపోవును. పూత విరగబూసినను కాయ నిలువనప్పుడు మనవారు దిష్టి తగిలినదందురు. చాలసారులు జరిగినది పుప్పొడి అందకపోవుటయే. సొరపువ్వు సాయంకాలమున విచ్చును. ఆ వేళ తిరుగు రెక్కపురుగులు, తేనెటీగలు ఆ పుప్పొడిని మోయును. వాటికి దడి లేదు. మన పిందెను నిలిపినది పొరుగువారి పాదు పుప్పొడియే కావచ్చును. మేము గొయ్యి త్రవ్వి నీళ్లు పోసితిమి. పిందె ఎప్పుడు నిలిచినదో మాకు తెలియనే తెలియదు. మార్కు సువార్త 4వ అధ్యాయములో ప్రభువు చెప్పిన రైతు కూడ అట్టివాడే. విత్తి, నిద్రపోయి, లేచి చూడగా పైరు ఎదిగియుండెను. ఎట్లు ఎదిగెనో అతనికి తెలియదు.

ఇంకొంచెము దూరము చూతము. సొరకాయ పుట్టిల్లు ఆఫ్రికా ఖండమని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అది మన దేశమునకు వచ్చి వేల యేండ్లయినది. మనము అనాదిగా మనవే అనుకొను మిరప, టమాటా, జామ, బొప్పాయి, బంతి, ఇవన్నియు అమెరికా ఖండపు మొక్కలు. 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ తీరము చేరిన తరువాతి కాలములోనే అవి మనకు దక్కినవి. అంతకు పూర్వము మన పూర్వికులు కారమునకు మిరియములు వాడిరి. ఆ దూరదేశములలో ఈ విత్తనములను తరతరములు ఏరి దాచినవారి పేర్లు మనమెరుగము. వారు దాచిన గింజలు లేని యెడల మన రోటిలో ఎండుమిరపకాయ లేదు, మన గుమ్మమునకు బంతిదండ లేదు.

మిషనెరీ విలియం కేరీగారు ఈ సంగతి బాగుగా నెరిగినవారు. 1793లో బంగాళమునకు వచ్చిన ఆయన బైబిలు తర్జుమాతోపాటు శ్రీరాంపురములో గొప్ప తోట పెంచెను. 1820లో కలకత్తాలో వ్యవసాయ ఉద్యానవన సంఘమును స్థాపించెను. ఇంగ్లాండునుండి విత్తనములు వచ్చిన సంచి అడుగున మిగిలిన మట్టిని ఆయన ఒక నీడ చోట దులిపెను. కొన్ని దినములకు అందులోనుండి తన స్వదేశపు డైసీ మొక్క మొలచెను. అది ఎవరును పంపవలెనని పంపినది కాదు, ఆయన కోరినదియు కాదు. ఆ చిన్న పువ్వును చూచి ఆయన చిన్నపిల్లవానివలె సంతోషించెను.

ఇప్పుడు మా తప్పు నొద్దకు వత్తము. ఆకలికై కోసికొన్న కాయను దేవునిదని చెప్పి, ఒక విధవరాలిని రాత్రి నిద్రలేకుండ చేసితిమి. మార్కు 7వ అధ్యాయములో ప్రభువు కొర్బాను అను మాట పట్టుకొన్నవారిని గద్దించెను. తలిదండ్రులకు ఇయ్యవలసినదానిని దేవార్పితమని చెప్పి వారు తప్పించుకొనుచుండిరి. మరియొక చోట, మత్తయి 23వ అధ్యాయములో, పెరటిలోని పుదీనాలో సయితము పదియవ వంతు లెక్కగట్టి, న్యాయమును కనికరమును విడిచినవారికి అయ్యో శ్రమ అని చెప్పెను. దశమభాగము ఇయ్యవద్దని ప్రభువు చెప్పలేదు. కోత పండుగలో మీరు తెచ్చు గుమ్మడికాయలు, అరటి గెలలు, పిడికెడు బియ్యము దేవునికి ఇష్టమైనవే. కాని వేలములో ఒక కాయను పదింతల ధరకు పాడుకొని నలుగురి మెప్పు పొందిన మనము, దడికి ఆవల పొయ్యి వెలిగినదో లేదో చూడని యెడల, ఆ అర్పణ ఎవరి యొద్దకు చేరుచున్నది? దేవుని పేరు దడి కంపగా వాడుట భక్తి కాదు.

యోనా ప్రవక్తను గూర్చి ఎన్ని సారులు ప్రసంగించితిమో లెక్కలేదు. మన తెలుగు బైబిలులో అతనికి నీడనిచ్చినది సొరచెట్టు. అది ఎండిపోయినప్పుడు అతడు చావగోరునంతగా దుఃఖించెను; నీనెవె ప్రజలు నశించుదురేమో అను చింత మాత్రము అతనికి లేదు. తాను కష్టపడి పెంచని చెట్టుకొరకు అతడు విచారించినప్పుడు, లక్షమందికి మించిన ఆ పట్టణమును గూర్చి తాను విచారింపవద్దా అని దేవుడు అతని నడిగెను. గ్రంథము ఆ ప్రశ్నతోనే ముగియుచున్నది. గింజలు చేతిలో పట్టుకొని గుమ్మములో నిలిచిన ఆ ఉదయమున ఆ ప్రశ్న మా కొరకే వ్రాయబడినట్లు తోచినది. మేము ఒక సొరకాయకై విచారించితిమి. ఆమె ఇంట కూర లేదని విచారించలేదు.

ఆ పూటనే ఆమె యింటికి పోయి, "మామ్మా, నువ్వు దేవుడి సొమ్ము తినలేదు. దేవుడి పేరు చెప్పి మేమే నిన్ను భయపెట్టాం. క్షమించు" అంటిమి. ఆమె గేదెకు గడ్డి వేయుచు, "పోనీలెండి అయ్యగారూ, తీగ బతికే ఉందిగా, ఇంకా పిందెలున్నాయి" అన్నది. ఆ కోత పండుగకు మేము అరటిపండ్లు తీసికొనిపోతిమి. పాక మీది కాయలు ఆమె కోసి మాకు సగము ఇచ్చుచువచ్చినది. ఏది ఎవరిదని ఇరువురము మరల లెక్క చూడలేదు.

ప్రియులారా, ఇప్పుడు పూరిండ్లు పోయి డాబాలు వచ్చుచున్నవి. కంప దడులు పోయి ఇటుక గోడలు లేచుచున్నవి. గోడ కట్టుకొనుట పాపము కాదు. కాని దడి మీదుగా చేయి చాచి గింజలిచ్చిన కాలము గోడతో ముగిసిపోకుండ చూడుడి. మీ పాదు తొలికాపులో ఒక కాయ పొరుగింటికి పంపుడి; వారు మన సంఘస్థులా కారా అని చూడకుడి. జామచెట్టు ఎక్కిన పిల్లలను తిట్టకమునుపు, వారు తినుటకు వచ్చిరా, సంచి నింపుటకు వచ్చిరా అని చూడుడి. ప్రతి పాదున ఒక కాయను ముదురనిచ్చి విత్తనమునకు ఉంచుడి. అందులో పొరుగువారికి కొన్ని గింజలు తీసిపెట్టుడి. మీకు గింజలు ఎవరిచ్చిరో మీ పిల్లలకు పేరు పేరున చెప్పుడి.

ఆ కాయ ఎవరిది అను ప్రశ్నకు ఊరి పెద్దలు ఎట్లు తీర్పు తీర్చుదురో వారికే విడిచితిమి. మాకు తెలిసినది ఇంతే: ఈ సంవత్సరము మామ్మ ఇచ్చిన ఆ గింజలనే దడి మొదట నాటితిమి. పందిరి వేయలేదు. తీగ ఎటు ప్రాకునో అటు ప్రాకనిచ్చుచున్నాము.

పొందినదానిని మరువని హృదయమును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.